బండి కింద అట్టముక్క

ఆ మంగళవారం ఆసుపత్రికి వెళ్తుంటే ఇస్నాపూర్ దాటాక కారు ఆగిపోయింది. కమలాకుమారి అందులోనే పోయింది. కర్మకాండలు అయ్యాక ఆమె భర్త, బడిపంతులు, కారును షెడ్డుకు లాగించుకొచ్చి మెకానిక్ పక్కన నిలబడ్డాడు. ఏం జరిగిందో మెకానిక్‌కు తెలియదు.

“ఇంజన్ జామ్ అయింది సార్. గేజ్ పుల్ల సూడుండ్రి, ఆయిల్ చుక్క లేదు.”

“ఎక్కడ కారింది?”

“గీ ఇంజన్ మీది మూత, టాపెట్ కవర్ కింద. రబ్బరు ప్యాకింగ్ ఎండి పెంకు లెక్క అయింది. ఇది ఒక్కనాటి కారుడు కాదు. ఇంటికాడ బండి కింద మరకలు పడలేదా?”

“పడ్డాయి. మా ఆవిడ మూడుసార్లు చెప్పింది.”

“మీరేం జేసిన్రు?”

“గచ్చు పాడవకుండా అట్టముక్క వేశాను. తడిసినప్పుడల్లా మార్చేవాణ్ణి.”

“మంచిగ జేసిన్రు. గచ్చయితే బతికింది. మరి మీటర్ల ఆయిల్ ఎర్రలైటు వెలగలేదా?”

“వెలిగింది. ఆవిడ పక్క సీట్లో గుండె పట్టుకుని ఉంది. ఆసుపత్రి ఇంకెంత దూరంలే అనుకున్నాను. చేరలేదు.”

“అయ్యో సార్. జెర ముందుగాల చెప్పొద్దా? ఏందేందో అన్న.”

“నువ్వు తప్పేం అనలేదు. ఆ ప్యాకింగ్ అప్పుడే మార్చి ఉంటే ఎంతసేపు పట్టేది?”

“గంట పని సార్.”

“గంటేనా?”

“గిప్పుడు గదంతా ఎందుకు సార్? పాత బండి, ఆగిపోయింది అనుకోండ్రి.”

“మా అమ్మాయి శ్రీదివ్యకు అలాగే చెప్పాను. అట్టముక్క సంగతి ఇంకా చెప్పలేదు.”