సంచి అడుగున సీసా

ఆసుపత్రి వరండాలో, రక్తపరీక్షల గది ముందున్న బల్ల మీద భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. ఆమె ఒళ్ళో అతని జిమ్ సంచి ఉంది.

“తువ్వాలు ఉతుకుదామని తీస్తే అడుగున ఈ సీసా దొరికింది. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ అని రాసుంది. ఎన్నాళ్ళ నుంచి?”

“రెండేళ్ళు. కండ పట్టడానికి జిమ్‌లో చాలామంది వేసుకుంటారు.”

“పిల్లలు పుట్టకుండా చేస్తుందని తెలుసా?”

“మొదట్లో తెలీదు.”

“ఒకసారి వేసుకుంటే రక్తంలో ఎన్నాళ్ళుంటుంది?”

“రెండు మూడు వారాలు.”

“అందుకా, మీ రక్తపరీక్ష అనేసరికి ఒకసారి జ్వరం, ఇంకోసారి ఆఫీసు పని? నెల్లాళ్ళు ఆగుదాం అనేవారు.”

అతను నేలకేసి చూశాడు. “ఈలోగా మానేద్దామనుకునేవాణ్ణి.”

“లోపం నాదేనని మీ అమ్మ నానా మాటలూ అంటుంటే, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు.”

“తప్పయిపోయింది.”

ఆమె సీసాను మళ్ళీ తువ్వాల్లో చుట్టి, సంచి అతని ఒళ్ళో పెట్టింది.

“ఈ రెండేళ్ళలో డాక్టర్లు నా ఒళ్ళంతా సూదులతో తూట్లు పొడిచారు. ప్రతిసారీ మీరు నా చెయ్యి పట్టుకుని, సూదంటే భయమని మొహం తిప్పుకునేవారు. పాపమని, నేనే మీకు ధైర్యం చెప్పేదాన్ని.”