అద్దాలకు ఆరు బోల్టులు

నవంబరు పద్దెనిమిదో తేదీ, మంగళవారం, పగలు మూడు గంటలు. వర్క్‌షాపు వెనకనున్న రేకుల షెడ్డు. హాజరైనవారు ముగ్గురు: చేతితో కట్టిన రెండు తలుపుల కారులో, స్టీరింగు ముందు, దాని యజమాని అయిన కళ్లద్దాల దుకాణం బావగారు, ఆయన పక్క సీట్లో, బస్సుల బాడీలు కట్టేచోట తలుపుల ఫిట్టరుగా పనిచేసే బావమరిది; కారు వెనక ఎనిమిది అడుగుల దూరంలో, అట్టకు కాగితం బిగించుకుని నిలబడిన వాహన తనిఖీ అధికారిణి.

"ఇప్పుడు ఎన్ని వేళ్లు?"

"మూడు, మేడమ్."

"ఇప్పుడు?"

"రెండు. చిటికెన వేలికి ఉంగరం కూడా కనిపిస్తోంది. కొంచెం బిగువైనట్టుంది."

"బావా, అడిగినదానికే జవాబు చెప్పు. ఆవిడ నీ దుకాణానికి కళ్లజోడు కోసం రాలేదు."

"ఊరుకోరా. ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్లందర్నీ నేనడిగిన ప్రశ్న ఇది. ఒక్కసారి జవాబు చెప్పే యోగం పడితే దానికీ అడ్డేనా?"

"యజమానిగారూ, పక్కవైపు అద్దంలో కూడా చూసి చెప్పండి. ఎన్ని?"

"నాలుగు. కానీ అందులో మీరు కాస్త దూరంగా, చిన్నగా ఉన్నారు మేడమ్. అది ఉబ్బెత్తు అద్దం. రోడ్డు ఎక్కువ కనిపిస్తుంది, మనుషులు తగ్గుతారు."

"ఈ అద్దాలు ఈ కారువి కావు కదా?"

"ఈ కారుకి తనదంటూ ఏముంది మేడమ్? ఇంజను ఒకదానిది, ఇరుసు ఒకదానిది. అద్దాలు తుక్కు కింద అమ్మేసిన టాక్సీవి. రేకు ఒక్కటే మా సొంతం."

"టాక్సీ తలుపు పలకలాగా చదును మేడమ్. మా తలుపుకి అచ్చం మా బావకి మల్లే పొట్ట. అద్దం ఆనించి చూస్తే రోడ్డు మానేసి ఆకాశం చూపించింది. అందుకని మధ్యలోకి అల్యూమినియం దిమ్మ కోసి, ఒకవైపు ఏటవాలుగా ఆకురాయి పట్టి, ఒక్కో అద్దానికి మూడేసి బోల్టులతో బిగించాను."

"పదకొండు దిమ్మలు కోశాడు. తొమ్మిది పారేశాడు."

"నేను పారేశానా? నువ్వు పారేయించావు! వెంట్రుకవాసి తేడా ఉందని భూతద్దం పట్టుకుని కూర్చున్నదెవరు?"

"అద్దాలు సంతృప్తికరం. రాసుకున్నాను. ఇక మిగిలింది ఒక్క అంశం, తలుపులు. లోపలినుంచి తెరుచుకుని ఇద్దరూ కిందికి దిగాలి."

"అంతేనా మేడమ్? దిగితే పాసేనా?"

"పాసే."

"విన్నావురా? పాసేనట."

"విన్నాను."

"మరి కదలవేం?"

"ఏం లేదు. దిగు బావా."

"నువ్వు దిగు ముందు."

"కారు నీది. యజమాని ముందు దిగాలి."

"చిన్నవాడివి, చలాకీగా ఉంటావు. నువ్వే దిగు."

"ఎవరో ఒకరు దిగండి. నాకు ఇంకో రెండు వాహనాలున్నాయి."

"సరే, దిగుతున్నా మేడమ్. బావకి ఈమధ్య ప్రతిదానికీ మొహమాటమే. ఇదిగో… ఇదిగో… ఇదేంటి?"

"ఏమైందిరా?"

"హ్యాండిల్ సగం దాకా వచ్చి ఆగిపోతోంది."

"గట్టిగా లాగు."

"ఎద్దు బండిని లాగినట్టు లాగుతున్నాను. నావైపు ఎందుకు రాదు?"

"పోనీలే, కంగారెందుకు? నావైపునుంచి దిగుదాం. నువ్వు ఇటు జరుగు."

"బావా, ఆగు…"

"ఆగడానికేముంది? ఇదేం పెద్ద… అరే."

"ఏమైంది?"

"నాదీ రావట్లేదు."

"రాదా?"

"రాదు. నాది ఎందుకు రాదురా?"

"నన్నడిగితే?"

"ఫిట్టరువి నువ్వు. నిన్ను కాక మేడమ్‌ని అడగనా?"

"పొద్దున్న దాకా రెండూ పని చేశాయా?"

"రబ్బరు బీడింగు గమ్ము ఆరాలని రాత్రినుంచి రెండు తలుపులూ తెరిచే ఉంచాం మేడమ్. మీరొచ్చాక, ఇందాక ఎక్కినప్పుడే మళ్లీ వేశాం. వేస్తే మాత్రం చక్కగా పడ్డాయి. మీరొక్కసారి బయటి హ్యాండిల్ లాగరూ?"

"లాగకూడదు. ఫారం మీద సంతకాలు పూర్తయేదాకా అధికారి వాహనాన్ని తాకరాదు. పదహారో నియమం. బయటి హ్యాండిల్‌ని యజమానే లాగి చూపించాలి."

"యజమాని లోపలున్నాడు కదా!"

"కనిపిస్తున్నారు."

"పోనీ పక్కనున్న పెట్టెలోంచి ఆ స్పానర్ ఇటు అందించండి. స్పానర్ అందించడం వాహనాన్ని తాకడం కాదుగా?"

"తనిఖీ మధ్యలో మరమ్మతు నిషిద్ధం. పదిహేడో నియమం. కిటికీ అద్దం దించుకుని బయటికి రండి."

"దిగదు మేడమ్. దించే మర సరైనది దొరక్క అద్దాలు బిగించేశాం. తెరుచుకునేది ఈ అరచేయంత ముక్కే. ఇందులోంచి మా బావ ముక్కు వస్తుంది, మిగతాది రాదు."

"డిక్కీలోంచి?"

"సీటు వెనక రేకు గోడ పెట్టించాడు. దుమ్ము దూరకూడదట. దుమ్మూ దూరదు, మేమూ దూరం."

"అంత ఎగతాళిగా ఉంటే కాలితో తన్ని ముందు అద్దం పగలగొట్టు."

"ఏడు నెలలు వెతికి తెచ్చిన అద్దం! నా కాలు ఎలా వస్తుంది?"

"వర్క్‌షాపులో ఎవరూ లేరా?"

"ఈవేళ వారపు సెలవు మేడమ్. మీరు ప్రశాంతంగా చూసుకుంటారని ఏరికోరి ఈవేళే పిలిచాడు."

"అలాగైతే మార్గం ఒక్కటే. తలుపులు తెరుచుకోలేదని రాస్తాను. మీరిద్దరూ ఆ కిటికీలోంచే సంతకాలు పెడతారు. తనిఖీ ముగుస్తుంది. అప్పుడు స్పానర్ అందిస్తాను, కావాలంటే బోల్టులు నేనే విప్పుతాను. కారు మాత్రం పాసు కాదు. మళ్లీ పిలుపు ఆరు నెలల తర్వాతే."

"ఆరు నెలలా!"

"ఆరు నెలలటరా."

"నాకూ చెవులున్నాయి బావా."

"మరి నీ ఉద్యోగం?"

"ఆహా, గుర్తుందా? ఓడల యార్డువాళ్లు రేపు పదింటిదాకా చూస్తారు. సాయంత్రం బస్సు. పెట్టె సర్దుకుని కూర్చున్నాను. నాలుగుసార్లు చెప్పాను నీకు."

"అయిదుసార్లు."

"ఫిట్టరుగారూ, కారు ఆయనది. పాసు కాకపోయినా మీరు వెళ్లవచ్చు కదా?"

"వెళ్లకూడదు మేడమ్. మా అక్కకి మాటిచ్చాను. ఈయన భార్య. ఆస్పత్రి మంచం మీద నా చేయి పట్టుకుని, ఈ కారు రోడ్డెక్కేదాకా మీ బావని వదిలి వెళ్లకురా అంది. ఎంత పనిలే, నెలరోజులు అనుకుని సరేనన్నాను. అక్క పోయి మూడేళ్లయింది."

"ఆ సంగతులు మేడమ్‌కి ఎందుకురా ఇప్పుడు?"

"ఎందుకంటే? మొదట బ్రేకు గొట్టాలు బాగా లేవన్నావు. అవయ్యాక డాష్‌బోర్డు. అదయ్యాక సీట్లకి కుట్టు వంకరన్నావు. ఇక అయిపోయింది, ఊపిరి పీల్చుకుందాం అనుకునేసరికి అద్దాలు! నా మీసం ఈ షెడ్డులోనే నెరిసింది మేడమ్. ఎవరో సంబంధం మాట్లాడ్డానికి వచ్చి అబ్బాయి ఎక్కడుంటాడండీ అంటే, ఈ మహానుభావుడు కారు కింద ఉంటాడండీ అని చెప్పాడు."

"నిజమే చెప్పాను. కాళ్లు కూడా చూపించాను."

"చూశారా మేడమ్! ఇక్కడ ఊపిరాడ్డం లేదు నాకు. ఆ చిన్న కిటికీ ఇంకాస్త జరుపు బావా."

"ఇంతకంటే జరగదురా. చెమటలు పడుతున్నాయి నీకు. ఇదిగో, తువ్వాలు తీసుకో."

"వద్దు."

"తీసుకోరా. కోపం నామీద, తువ్వాలుమీద కాదుగా."

"వాదన తర్వాత. కారణం గడి ఖాళీగా వదలకూడదు. హ్యాండిల్ ఎందుకు ఆగుతోంది?"

"ఉండండి చూస్తాను. ఇంకా డోర్ ప్యాడ్ బిగించలేదు కాబట్టి నావైపు రేకులో కన్నం ఉంది. ఫోను లైటు వేస్తే… బావా."

"ఊఁ."

"అద్దం మధ్య బోల్టు. నేను వేసింది ఒకటిన్నర అంగుళం. ఇది రెండున్నర. దీని మొన వెళ్లి సరిగ్గా హ్యాండిల్ లాగితే కదిలే లాక్ రాడ్డుకి అడ్డంగా నిలబడింది."

"ఆ రాడ్డు అక్కడ ఉందని ఎవరెవరికి తెలుసు?"

"ఈ తలుపు ఏ కంపెనీదీ కాదు మేడమ్. బొమ్మ గీసింది మేమే, రేకు వంచింది మేమే. అది అంగుళం ముందుకి ఉందని తెలిసినవాళ్లు ఇద్దరే."

"ఆ ఇద్దరూ లోపలే ఉన్నారు."

"బావా, ఇటు చూడు."

"అద్దంలోంచి చూస్తూనే ఉన్నాగా."

"అద్దంలోంచి కాదు."

"పొద్దున్న… పొద్దున్న నువ్వు పెట్టె సర్దుకుంటున్నావు. చొక్కాలు మడతపెడుతూ ఈల వేస్తున్నావు. మూడేళ్లలో నువ్వు ఈల వేయడం వినలేదురా నేను. షెడ్డులోకి వచ్చేశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. ఒక్క బోల్టే మార్చాను."

"మూడేళ్లు చాల్లేదా నీకు?"

"తిట్టు."

"మనిషిని పంజరంలో పెట్టి తాళం వేసినట్టు!"

"తిట్టరా, పడతాను. కారు పాసైపోతే నీ మాట తీరిపోతుంది. మీ అక్క లేదు, పిల్లలు లేరు. మనిద్దరికీ మధ్య ఈ రేకు డబ్బా తప్ప ఇంకేముంది? నువ్వు బస్సెక్కాక నేను ఇందులో కూర్చుని ఏం చేయాలి? నాకు డ్రైవింగే రాదు."

"మీకు డ్రైవింగు రాదా?"

"రాదు మేడమ్. ఆవిడ నడుపుతానంది. నేను పక్కన కూర్చుని దారి చెప్తానన్నాను. సీటు కొలత కూడా ఆవిడదే. అందుకే నా మోకాళ్లు ఇలా గడ్డానికి తగులుతున్నాయి."

"ఇక చాలు బావా."

"ఏం చాలు? తిట్టమంటే తిట్టవేం?"

"ఏం తిట్టను బావా."

"ఏదో ఒకటి అను. ముసలి నక్క అను. నువ్వు ఊరుకుంటే భయంగా ఉంది."

"సరే, రాస్తున్నాను. ఒక్కో తలుపుకి ఒక్కో గడి. ఫిట్టరుగారి వైపు తలుపు: అద్దానికి పొడవైన బోల్టు, లాక్‌కి అడ్డు. బాధ్యులు, యజమాని. కాగితం ఇలా కిటికీలోంచి తీసుకోండి. పెన్ను ఇదిగో. మొదటి గడిలో సంతకం."

"చేశాను మేడమ్."

"రెండో గడి. యజమానిగారి వైపు తలుపు. ఇదీ రాలేదు. కారణం?"

"నావైపా? నావైపు నేను ముట్టుకోలేదే."

"రేకు కన్నంలోంచి చూడండి."

"లైటు ఇటు ఇవ్వరా. ఇవ్వు. అంత గట్టిగా పట్టుకున్నావేం? ఊఁ… అదే. మధ్యదే. రెండున్నర అంగుళాలు."

"అయితే అదీ మీరే మార్చారా?"

"నాకు గుర్తులేదు మేడమ్. అయినా నేనే అయ్యుంటాను. ఒకటి మార్చినవాణ్ణి రెండోది మార్చనా? వయసు మీద పడితే చేసిన పాపం కూడా మరిచిపోతాం. రెండూ నా పేరే రాసేయండి, వీణ్ణి పోనివ్వండి. ఒరేయ్, సంతకాలు కాగానే బస్సెక్కు. మాట సంగతి నేను చూసుకుంటాను. మీ అక్క కలలోకొస్తే నేనే పొమ్మన్నానని చెప్తాను."

"ఆ పెన్ను ఇలా ఇవ్వు బావా."

"నీ సంతకం చివర్లోరా, సాక్షి అని రాసుందే, అక్కడ. అటు కాదు… అటు కాదురా, అది రెండో గడి. బాధ్యుల చోటది. నావైపు తలుపు గడిలో నీ సంతకం పెట్టేశావేంట్రా? మేడమ్, పొరపాటు పడ్డాడు, ఇంకో కాగితం ఉంటే…"

"పొరపాటు కాదు బావా. నిన్న సాయంత్రం, నువ్వు దుకాణం మూసి రాకముందు, నీవైపు బోల్టు మార్చింది నేనే. నన్ను పొమ్మన్న ఆ మాట మడిచి జేబులో పెట్టుకో."