అప్పగింతల పాటా, చెవిలో మాటా

సభకు అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ రాజ్‌కుమార్ గారికి, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో సర్దుకు కూర్చున్న అమ్మలకీ, గోడవారగా నిలబడ్డ బ్యాచిలర్ తమ్ముళ్ళకీ, డ్యూటీ దిగి యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చిన మా లేబర్ వార్డు చెల్లెళ్ళకీ, డ్యూటీ మార్చుకోవడానికి ఎవరూ దొరక్క ఈ సాయంత్రం రాలేకపోయిన వాళ్ళకి కూడా, మార్తమ్మ నమస్కారాలు.

డాక్టరు గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఈ ఇరవై నాలుగేళ్ళలో నాకిచ్చిన మెమోల మీద సంతకాలు కూడా ఆయనవే గనక, అవీ ఇవీ కలిపి సగం చేస్తే అసలు మార్తమ్మ తేలుతుంది. (నవ్వులు) మైకు తగ్గించమని తలుపు దగ్గర నుంచి మహబూబ్ బాషా అన్న చెయ్యి ఊపుతున్నాడు. మా హాస్పిటల్ బస్సు నడిపేది ఈ అన్నే. మన గొంతు కాంపౌండు గోడ దాటితే ఎవరొచ్చి ఏమడుగుతారోనని ఆయన బెంగ. అన్నా, ఇన్నేళ్ళూ ఈ సౌదీ దమ్మామ్‌లో గొంతు తగ్గించే పాడాను. ఇవాళ కాస్త పెరిగితే మీరే సర్దిచెప్పుకోండి, ఎల్లుండి నుంచి నేను ఎవరికీ దొరకను. (నవ్వులు)

కేకు కొయ్యకముందే నా చేతికి చీటీలు వచ్చాయి. అన్నింట్లోనూ ఒకటే కోరిక: అక్కా, అప్పగింతల పాట పాడు. పాడతాను. పాడే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ పాటలో చెప్పే బుద్ధులు ఒక్కటంటే ఒక్కటి కూడా నాకు నచ్చవు.

కొత్తగా వచ్చిన వాళ్ళ కోసం చెబుతున్నాను. మన హాస్టల్లో ఏ అమ్మాయి పెళ్ళికని సెలవు మీద ఊరెళ్తున్నా, బయలుదేరే ముందు ఆమెను మధ్యలో కూర్చోబెట్టి, తలమీద కొంగు కప్పి, నేను ఆ పాట పాడటం ఆనవాయితీ అయిపోయింది. ఊళ్ళో అప్పగింతలు పెళ్ళయ్యాక జరుగుతాయి. మనకి మాత్రం పెళ్ళికి ముందే, పెళ్ళికొడుకు లేకుండా, సూట్‌కేసు పక్కన జరుగుతాయి. నరసాపురం దగ్గర మా ఊళ్ళో మా అమ్మ ఈ పాట పాడుతుంటే పందిట్లో వాళ్ళంతా ముక్కులు చీదేవాళ్ళు. అమ్మ నోట విన్నది విన్నట్టు పాడి, ఇప్పటికి నలభై ఒక్క మందిని అప్పగించాను. ఇదిగో, ఇలా ఉంటుంది మొదలు:

అత్త మాటాడితే నేల చూడవె తల్లీ
మామ కేకేస్తేను మాట మింగవె తల్లీ
అందరూ తిన్నాక అడుగు మెతుకే నీది
ఆకలని అనబోకె, అమ్మ పేరు పోతాది

ఇది పాడేది ఎవరో చూడండి. పెళ్ళే చేసుకోని మనిషి. ఆకలేస్తే డ్యూటీ మధ్యలో కూడా తినే మనిషి. వార్డులో పిల్లాడి ఏడుపు కన్నా ముందు మార్తమ్మ టిఫిన్ డబ్బా చప్పుడే వినబడుతుందని పేరు తెచ్చుకున్న మనిషి. కేకేస్తే మాట మింగమని పాడే నేను, రౌండ్స్‌లో డాక్టరు గారు కేకేస్తే ఏనాడైనా మింగానా? (డాక్టర్ రాజ్‌కుమార్ గారు తల అడ్డంగా ఊపారు. నవ్వులు.)

మొదట్లో నేనూ ఇలాగే నవ్వుకునేదాన్ని, పాట పాటే గదా అని. ఒకసారి మాత్రం నవ్వు రాలేదు. మణి మీలో చాలామందికి తెలియదు. తొంభై ఆరులో మా వార్డులో అందరికన్నా నెమ్మదైన చెయ్యి ఆ పిల్లది. సూది గుచ్చితే పసిబిడ్డ నిద్ర లేచేది కాదు. నలభై అయిదు రోజుల సెలవు మీద పెళ్ళికి వెళ్ళింది. నేనే కొంగు కప్పి పాడి పంపించాను. పెళ్ళయ్యాక అత్తగారు ఇంకో నెల ఉండి వెళ్ళమంది. మణి నేల చూసింది. ఈలోగా పాస్‌పోర్టులో తిరిగి రావాల్సిన రీ-ఎంట్రీ తేదీ దాటిపోయింది, దాంతో వీసా పోయింది, వీసాతో ఉద్యోగం పోయింది. నాకు ఉత్తరం రాసింది: "అక్కా, ఎదురు చెప్పొద్దని నువ్వే పాడావు గదా." ఎత్తిపొడుపుగా రాయలేదండీ, నిజంగానే రాసింది. తణుకులో చిన్న నర్సింగ్ హోమ్‌లో చేస్తోందిప్పుడు. ఆ ఉత్తరం చదివి లినెన్ రూములో తలుపేసుకుని ఏడ్చాను.

ఇక ఊరుకోకూడదని పాట మార్చేశాను. అత్త మాటాడితే తిరిగి మాటాడవె అని, ఆకలేసిందంటే అడిగి పెట్టించుకోవె అని రాసి, ఆ ఊపులో చివరి చరణం కూడా ఎగరగొట్టి, తరవాతి పెళ్ళికూతురికి గొంతెత్తి పాడాను. అందరూ చప్పట్లు కొట్టారు, మీటింగులో తీర్మానం పాసైనట్టు. ఒక్క కన్ను తడవలేదు. అప్పుడు బద్రున్నీసా, ఈవిడది కడప, ఇక్కడ పక్కూరు ఖతీఫ్‌లో వీళ్ళాయన కొట్టు మీకు తెలుసు, నా పక్కకొచ్చి మెల్లిగా అంది: "పాట బాగనే ఉండాది సిస్టరమ్మా. మా యమ్మే లేదు దాంట్లో."

నేను తీసేసిన చివరి చరణం ఏమిటంటే, కూతురు వెళ్ళిపోయాక అమ్మ ఒక్కతే వంటింట్లో అనుకునే మాట.

నీ కంచం కడిగేసి బోర్లించుకున్నాను
పలకవని తెలిసినా పేరెట్టి పిలిచాను

సరే, అదొక్కటీ తిరిగి కలిపి, మిగతా బుద్ధులు మార్చిందే ఉంచుదామని చూశాను. అతకలేదు. మా అమ్మ ఆ బుద్ధులన్నీ భయంతో చెప్పింది, కూతురి మీద ఎవరి చెయ్యి పడుతుందోనన్న భయంతో. ఆ భయం తీసేస్తే, ఆ కంచం బోర్లించింది ఎవరో తెలియకుండా పోయింది. మా అమ్మ చెప్పింది తప్పే, ఈ మాట ఆవిడ ఉండగా ఆవిడతోనే అన్నాను. కానీ ఆవిడ గొంతు మార్చడం నా వల్ల కాలేదు.

అందుకని పాట పాత దారినే పెట్టి, ఇంకో పని మొదలెట్టాను. పాట అవగానే, కొంగు సర్దుతున్నట్టు వంగి, పెళ్ళికూతురి చెవిలో ఒక మాట చెప్పేదాన్ని, ఎవరికీ చెప్పకమ్మా అని ఒట్టు వేయించుకుని మరీ. వెళ్ళిపోతున్నాను గనక ఇవాళ మైకులోనే చెప్పేస్తున్నాను: "ఇప్పుడు పాడిందంతా మరిచిపో. రీ-ఎంట్రీ తేదీ మరిచిపోకు. పాస్‌పోర్టు నీ పెట్టెలోనే ఉంచుకో. ఆకలేస్తే తిను."

(హాల్లో గుసగుసలు, ఆడవాళ్ళ వైపు నుంచి పెద్దగా నవ్వులు.)

రూబీ, నీ ఒక్కదానికే చెప్పాననుకున్నావు కదూ. నీకు అటూ ఇటూ కూర్చున్న ముగ్గురికీ చెప్పాను. విజిట్ వీసా మీద వచ్చిన అత్తగార్లు ఇద్దరు కనబడుతున్నారు. అమ్మా, మీ కోడళ్ళ పెట్టెకి తాళం ఎందుకుందో మీకిప్పుడు తెలిసింది, నన్ను తిట్టుకోండి, వాళ్ళనేమీ అనకండి.

రూబీ పేరెత్తాక శామ్యూల్‌ని వదలడం ధర్మం కాదు. నాలుగేళ్ళ కిందట రూబీ వీసా మీద ఆమె భర్తగా ఇక్కడికొచ్చాడు. ఇక్కడ ఉండడానికిచ్చే ఇకామా కార్డు మీద, ఉద్యోగం చెయ్యరాదని రాసి ఇచ్చారు. ఆమె డ్యూటీకి వెళ్తే ఇతను వంట చేసి ఎదురుచూసేవాడు. అత్తింటికి వచ్చింది పెళ్ళికొడుకే గనక ఇతన్నే అప్పగించాలని మా చెల్లెళ్ళు ఆటపట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, తలమీద దుప్పటి కప్పారు. నేను ఒక్క అక్షరం మార్చకుండా పాడాను. అత్త మాటాడితే నేల చూడవె తల్లీ అంటే అందరూ పొట్టలు పట్టుకున్నారు, శామ్యూల్ కూడా నవ్వాడు. కంచం బోర్లించిన చరణం వచ్చేసరికి దుప్పటి కింద భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడేమో అనుకున్నాం. దుప్పటి తీసి చూస్తే ఏడుస్తున్నాడు. ఆ రోజు అతని చెవిలో కూడా అదే మాట చెప్పాను, చివర చిన్న ముక్క కలిపి: ఆకలేస్తే తిను నాయనా, రూబీ వచ్చేదాకా ఆగకు. (నవ్వులు)

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. నా పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది, ఇక తిరిగి రావడమంటూ లేదు. ఈ పాట పాడగలిగే గొంతు ఇక్కడ మా హాస్టల్లో జెస్సీ ఒక్కదానికే ఉంది. పోయిన శుక్రవారం పాటల పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. తిరిగి ఇచ్చేసింది. "నమ్మని మాటేమో గొంతెత్తి పాడి, నమ్మిన మాటేమో చెవిలో చెప్పడమేంటక్కా? తిరగెయ్యొచ్చు గదా. ఈ పాట నా నోట రాదు" అంది. పుస్తకం హాస్టల్ ఫ్రిజ్ మీద పెట్టి వచ్చేశాను. నేను నమ్మని పాట నాతోనే పోతే నాకెందుకు ఏడుపు రావాలో నాకే తెలియదు. వచ్చింది.

జెస్సీ, నువ్వన్నది సబబే. నువ్వన్నట్టే తిరగేశాను. నమ్మిన మాట ఇందాక మైకులో చెప్పాను. నమ్మని పాట ఇప్పుడు మైకు పక్కన పెట్టి పాడతాను. బాషా అన్నా, మీరిక కూర్చోవచ్చు.

(మైకు లేకుండా పాట మొత్తం పాడారు. పాట అయ్యాక జెస్సీ వేదిక మీదికి వచ్చి, మార్తమ్మ గారి తలమీద కొంగు కప్పి, చెవిలో ఏదో చెప్పింది.)

ఏం చెప్పిందని వెనక నుంచి అడుగుతున్నారు. దాపరికం మానేశాను గనక చెప్పాలి. "నీకు రీ-ఎంట్రీ తేదీ లేదు గదక్కా, గుర్తు పెట్టుకోవడానికి నీకేమీ లేదు. పాట నేను గుర్తు పెట్టుకుంటాలే" అంది.

అయితే నలభై రెండో అప్పగింత నాది. నా చేత పాడించిన వాళ్ళకీ, విని ఏడ్చిన వాళ్ళకీ, విని కూడా అందులో ఒక్క ముక్కా పాటించని నా చెల్లెళ్ళకి మరీ మరీ, కృతజ్ఞతలు. వెనక గదిలోంచి బిర్యానీ వాసన వస్తోంది. అందరూ తిన్నాక తినమని ఇప్పుడే పాడాను గానీ, మొదటి ప్లేటు నాదే. సెలవు.