మట్టిల పాతిన తలాంతు

సంతకమా? నా సంతకమా? అబ్బో! నా సంతకానికి గింత విలువున్నదని నాకు ఇయ్యాలనే ఎరుకైంది అయ్యగారు.

కూసో, కూసో. అమ్మగారేరి? కార్లనే కూసోబెట్టి వచ్చినవా? లోపలికి పిలువరాదు? ఏంది, కాళ్లనొప్పులా? సరే తియ్యి. మా రేకులింట్ల ఏసీ లేదు గద, గందుకే గావచ్చు.

ఏదీ, గా కాయిదం మల్లొకసారి సదువు. "సంఘపు పొలమును విశ్వాసులందరి ఇష్టపూర్వకముగా అమ్మితిమి..." ఆహా! ఇష్టపూర్వకమట! ఎంత సక్కటి తెలుగు రాస్తవయ్యా. మంగళవారం పైనుంచి ముగ్గురు పెద్దలు విచారణకు వస్తున్నరు గాబట్టి నీకు ఈ గోపమ్మ యాదికొచ్చింది. మా ఆయిన పోయి మూడేండ్లాయె. గీ మూడేండ్లల్ల ఒక్కనాడన్న నా గడప తొక్కినవా? ఇయ్యాల ఆపిల్ పండ్లు గూడ తెచ్చినవ్. కొరకనీకె నా నోట్లె పండ్లున్నయా లేవా సూడక తెచ్చినవ్.

ఏంది గట్ల చూస్తున్నవ్? నిన్ను 'నువ్వు' అంటున్ననా? ఇన్నేండ్లు 'మీరు, మీరు' అనుకుంట చేతులు కట్టుకోని నిలవడ్డ. ఇగ నాతోని గాదు.

మా సంఘానికి పాస్టరుగ నువ్వొచ్చిన కొత్తల యాదున్నదా? తెలంగాణ వచ్చిన మర్సటేడు. భుజానికొక సంచి, సంకల బైబిలు, అరిగిన చెప్పులు. గొంతు మాత్రం మస్తుండె. మొదటి ఆదివారమే సొలొమోను రాజు ముచ్చట చెప్పినవ్. ఏం గావాల్నో కోరుకో అని దేవుడంటే బంగారం అడగలే, తెలివి అడిగిండని. కూలికి పోయొచ్చే ఆడోళ్లం, కొంగులు నోట్లె వెట్టుకోని ఏడ్చినం. ఇంటికొచ్చినంక మా ఆయిన, "గోపా, ఈసారి మంచోడు దొరికిండే" అన్నడు. గా మాట అన్నది ఎవరనుకున్నవ్? నా మొగడు ఐలేశమే! నువ్వు సోమరిపోతు అన్న ఐలేశమే!

గా పొలం ముచ్చట నీకేం ఎరుక? పదకొండు ఇండ్లోళ్లం వారంల ఒకనాటి కూలి పక్కకు వెట్టి, ఆరేండ్లు కడుపు కట్టుకోని కొన్నం గా ఎకరం. అప్పుడు షాద్‌నగర్ దిక్కు జాగ అంటే ఎవ్వడు మొకం సూసినోడు లేడు. రాళ్లు ఏరినం. బోరేసినం. వరి, కంది, ఏదో ఒకటి పండేది. పండింది ముందుగాల్ల ముసలోళ్లకు, మొగడు లేనోళ్లకు. తర్వాత పోరగాండ్ల పుస్తకాలకు. గది దాటినంకనే పాస్టరుకు.

చూసుకునేటోడు మా ఆయిన. ఒక్క గింజ ఇంటికి తెచ్చినోడు గాదు. ఓసారి నేను కొంగుల దోసెడు పచ్చి కందికాయ తెచ్చిన. ఉడకవెడదామని. సూసిండు. "ఎవరిది?" అన్నడు. ఎవరిదేంది, మనదే గద అన్న. "మనది గాదు, మన చేతిల ఉన్నది" అన్నడు. గా మండుటెండల మల్ల పోయి గాడ పోసొచ్చిన. పోయేటప్పుడు తిట్టుకుంట పోయిన, వచ్చేటప్పుడు తిట్టుకుంట వచ్చిన.

చిన్నప్పుడు పటేలు కాడ జీతం ఉన్నడయ్యా ఆయిన. బర్రెలు కాసిండు. "బర్రె పటేలుది, పాలు పటేలువి. గని దాని కాలు ఇరిగితే జవాబు నేను చెప్పాలె. దేవుని కాడ గూడ గంతే" అనేటోడు. నువ్వు రెండు దినాలు షామియానా ఏసి, తెర మీద బొమ్మలు సూపెట్టి, గృహనిర్వాహకత్వం అని చెప్పినవ్. నాకు ఇప్పటికీ నోరు తిరగది గా మాట. బర్రెలు కాసినోడు ఒక్క ముక్కల చెప్పిండు.

చాయ్ పెట్టాల్నా? ఒద్దా? మంచిది.

కంపెనీలు వచ్చినయ్. వెంచర్లు వచ్చినయ్. మన పొలం పక్కన రంగు రాళ్లు పాతిన్రు. గా రాళ్లు సూసినంక నీ బోధ మారింది అయ్యగారు. సొలొమోను తెలివి పోయి సొలొమోను బంగారం వచ్చింది. ఇగ ఆదివారం ఆదివారం బైబిల్ల తలాంతుల కథే! యజమాని ఇచ్చిన తలాంతు పైకాన్ని మట్టిల పాతిపెట్టిన దాసుని మీద కోప్పడ్డడు గద, మనం గూడ ఎకరం మట్టిల పాతిపెట్టినం, ఆత్మలను రక్షించే పని ఆగిపోయింది, అమ్మి పెద్ద మందిరం కడదాం, అని.

మా ఆయిన లేసి నిలవడ్డడు. చేతులు కట్టుకోనే అడిగిండు.

"అయ్యగారు, మట్టిల పాతినమాట నిజమే. గందుకే ఏటేటా మొలుస్తాంది. అమ్మినంక ముసలి నర్సింగమ్మకు బియ్యం ఏడికెల్లి తేవాలె?"

నువ్వేమన్నవ్? యాదుందా? నవ్వినవ్. మైకుల నవ్వినవ్. "వాక్యంల చెప్పిన సోమరి దాసుడు ఎక్కడో లేడు, మన నడుమనే ఉన్నడు" అన్నవ్. అందరూ నవ్విన్రు. నలభై ఏండ్లు పొద్దుగాల్ల లేసి గా పొలానికి నీళ్లు కట్టినోడు సోమరి! మర్సటి ఆదివారం నుంచి ఆయిన చెప్పులు ఇడిచే కాడ కూసున్నడు. సచ్చేదాంక గాడనే కూసున్నడు. నువ్వు ఒక్కసారన్న ముందటికి రమ్మన్నవా?

కట్టినవ్ మందిరం. బాగనే కట్టినవ్. కాళ్లు జారే బండలు. గోడకు పెద్ద పెద్ద మైకు డబ్బాలల్ల పాటలు. నువ్వు నిలవడే కాడ మాత్రం సల్లగాలి. నీకు తెల్లకారు. దేవుని పనికి తిరగాలె గద! మరి దేవుని పనికి తిరిగే కారు నర్సింగమ్మ ఇంటి ముందట ఎన్నడన్న ఆగిందా?

కండ్లు కానని ముసల్ది అయ్యగారు. కొడుకు లేడు, బిడ్డ లేదు. ఇరవై ఏండ్లు గా పొలం బియ్యమే తిన్నది. పొలం పోయినంక నువ్వు క్రిస్మస్‌కు ఒక దుప్పటి ఇచ్చినవ్. దుప్పటి ఇచ్చి ఫోటో దిగినవ్. దుప్పటి తింటరా? మూడు నెల్లకు షాద్‌నగర్ బస్టాండ్ల అడుక్కుంటున్నదని ఎవరో చెప్తే మా ఆయిన ఉరికిండు. "నర్సింగమ్మా, నేను ఐలేశాన్ని" అంటే, గా ముసల్ది ఏమన్నదో ఎరుకేనా? "అయ్యగారికి చెప్పకు బిడ్డా, సంఘానికి నామోషి" అన్నదట. సంఘం ఇజ్జత్ కాపాడింది ఆమె! కండ్లు లేని ఆమె!

మా ఇంటికే తెచ్చిండు. గీ మూలకే మంచం ఏసిండు. ఆమెకు కూడు పెట్టనీకె అరవై నాలుగేండ్ల మనిషి కంపెనీల వాచ్‌మన్‌గ చేరిండు. రెండేండ్లు సాదినం. ఆమె గీడనే కన్నుమూసింది. మా ఆయిన ఇంకో ఏడాది బతికిండు. డ్యూటీల ఉన్నప్పుడే గుండె పట్టుకోని కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ఆగలే. నువ్వు ఏదో ఊర్ల సభ ఉన్నదని పూలదండ పంపినవ్. దండ మీద సంఘం పేరు పెద్దగ, ఆయిన పేరు సిన్నగ.

ఏంది, గడియారం చూస్తున్నవ్? పోతవా? ఇంకొక్క మాట ఇని పో.

అందరి ఇష్టంతోని అమ్మినమని రాసినవ్ గద. అబద్ధం. పొలం అమ్మాల్నా వద్దా అని అడిగిన దినం సంఘం కమిటీల ఆరుగురు చెయ్యి లేపిన్రు, ఆరుగురు లేపలే. ఆడోళ్ల సంఘం పెద్దగ నేను ఒక్కదాన్నే మిగిలిన. అందరూ నా దిక్కే సూసిన్రు. మా ఆయిన గూడ సూసిండు.

నన్ను కొన్నవని అనుకుంటున్నవా? పైస ఇయ్యలేదు నువ్వు. నాకు కుర్చీ ఇచ్చినవ్. ముందటి వరసల ఎర్ర కుర్చీ. "గోపమ్మ గారు జ్ఞానవంతురాలు" అని మైకుల అన్నవ్. పుట్టినకాడికెల్లి ఏ గోపీ, ఒసేయ్ గోపీ అని పిలిపించుకున్నదాన్ని అయ్యగారు. గారు అన్నది నువ్వొక్కనివే. గా ఒక్క మాటకు నా ఒళ్లు పొంగింది. మొగడు చెప్పులకాడ కూసుంటే, నేను ఎర్ర కుర్చీల కూసోని సిగ్గుపడలే. ఆయిన మొండోడు, లోకం తెలువనోడు అనుకున్న.

చెయ్యి నేనే లేపిన.

నీ మీద ఎంత అసయ్యమున్నా, గీ ముచ్చట మాత్రం నీ మీద ఎయ్యలేను. సంతకం పెట్టను, తీస్కపో. మంగళవారం వస్త. గా ముగ్గురి ముందట మొదాలు నా సంగతి చెప్త, తర్వాత నీది. నన్ను సంఘంల నుంచి తీసేస్తవా? తీసెయ్.

చెయ్యి లేపిన గా దినం ఇద్దరం కలిసే ఇంటికి నడిసొచ్చినం. ఇల్లు చేరినంక ఆయిన కుండలకెల్లి చెంబు నీళ్లు ముంచి నా చేతికిచ్చిండు. "కాళ్లు కడుక్కో గోపా, తిందాం" అన్నడు. గంతే. మల్ల గా ముచ్చట ఎత్తలే. నాలుగేండ్లు, సచ్చేదాంక, ఒక్కనాడన్న తిట్టలేదయ్యా నన్ను.