అల చూసేవాడు

కూర్చోవడం లేదు వదినా, ఇదేమిటో! ఎక్కడానికి ఎక్కుతోంది, నిలవడమే లేదు. ఇటు చూడు, చెయ్యి తియ్యగానే జారిపోతోంది. తేమ అనుకుంటాను. సముద్రం పక్క ఇళ్లలో తలుపులే సరిగ్గా పడవు, ఇంక గాలం కర్ర ఎంత!

తేమకి బిగుసుకుంటుంది గానీ వదులవుతుందా, అంటావు. అదీ నిజమేలే. నీ దగ్గర ఏ మాటా ఓ పట్టాన చెల్లదు.

ఉండు, తొందరపెట్టకు. కింద రెండు ముక్కలూ అన్నయ్యవి, పైన రెండూ నావి. నాలుగూ కలిస్తే పద్నాలుగడుగులు. ఒక్కసారి మొత్తంగా చూడాలని ఉంది, కలిపి పెట్టు, అని ఫోన్ చేశావు. షాపులో సగం అరగదీసిన కళ్లద్దాలు సగంలోనే వదిలేసి వచ్చాను కదా. కలపకుండా పోతానా?

ఈ మైనం ఏమిటి, అన్నయ్య ముక్క చివర? కొవ్వొత్తి రుద్దాడా? ఏటేటానా? తొమ్మిదేళ్లూ?

కలిపిన రోజున పట్టెయ్యకుండా మెత్తగా కూర్చోవాలని... అలా అన్నాడా?

కాసిని మంచినీళ్లు ఇవ్వు వదినా.

నువ్వెప్పుడూ ఒడ్డుకి రాలేదు కదా. నీ కుట్టుమిషన్ దారంతో ఈకల ఎరలు కట్టి డబ్బాలో పెట్టి ఇచ్చేదానివి, అంతే. రొయ్యలూ వద్దు, వానపాములూ వద్దు, మా ఆవిడ కట్టిన ఈక చాలు చేపకి, అని ఎంత మురిసిపోయేవాడో. మొలలోతు నీళ్లలో నిలబడి, నడుముకి ఆ ప్లాస్టిక్ తొట్టి కట్టుకుని, దారమంతా అందులో చుట్టలు చుట్టలుగా వేసుకునేవాడు. లేకపోతే అలలు లాక్కుపోతాయి. ఇక రెండు చేతులతో కర్ర ఎత్తి విసిరాడంటే ఈక అలలన్నీ దాటి అవతల పడేది. నేనూ విసిరేవాణ్ణిలే. పడేది నా నెత్తిమీదే.

రెండు చేతులూ కర్ర మీదే ఉంటాయి, చూపు దూరంగా ఈక మీద ఉంటుంది. మరి వచ్చే అలని ఎవరు చూస్తారు? అందుకే మా ఇద్దరికీ ఒక్కటే కర్ర. ఒకడు విసరాలి, రెండోవాడు ఎడమ భుజం వెనక నిలబడి అల చూడాలి. పెద్దది వస్తే "అల!" అని అరవాలి. అరవగానే విసిరేవాడు పక్కకి తిరిగి కాళ్లు ఊనుకుంటాడు. ఇరవైసార్లు విసిరాక కర్ర చేతులు మారాలి. ఇదంతా అన్నయ్య పెట్టిన చట్టమే.

ఆ రోజు సంగతి నీకు తెలుసు. తెలిసినంతవరకూ తెలుసు. అల కొట్టింది, అన్నయ్య మోకాలు తిరగబడింది. రెండుసార్లు ఆపరేషన్ చేసినా క్లచ్ తొక్కే కాలు మళ్లీ క్లచ్ తొక్కలేదు. అంత పెద్ద బస్సు ఒంటిచేత్తో మలుపు తిప్పేవాడు, పోయి డిపోలో విచారణ కిటికీ వెనక కూర్చున్నాడు. ఏ బస్సు ఎన్నింటికో చెప్పుకుంటూ.

కట్టుతో ఇదే కుర్చీలో కూర్చుని అడిగాడు. "అరిచావా లేదా? ఒక్క మాట చెప్పు, నేనేమీ అనను." అరిచానన్నాను. సముద్రం హోరులో నీకే వినబడలేదన్నాను. పై రెండు ముక్కలూ నా చేతిలో పెట్టాడు. "కింద రెండూ నా దగ్గరుంటాయి. నిజం చెప్పాలనిపించిన రోజున రా, కలుపుదాం" అన్నాడు. నాకు రోషం వచ్చింది. నన్ను అబద్ధాలకోరు అంటావా, అని గుమ్మం దిగాను. దిగినవాణ్ణి మళ్లీ ఎక్కింది మొన్న, వాడి పాడె మోయడానికి.

ఏమన్నావు?

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాడా? అన్నయ్యా? ఎప్పుడు?

పోయినేడాది... ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. ఎడమ చెవి కాస్త మందం. కాస్తే! అరవయ్యేళ్ల మనిషికి, ముప్ఫయ్యేళ్లు ఇంజన్ పక్కన కూర్చున్నవాడికి, ఆ మాత్రం ఉండదా? దీన్ని పట్టుకుని... ఏమన్నాడు? మళ్లీ చెప్పు.

"పాపం, వాడు అరిచే ఉంటాడు. నా చెవిలోనే లోపం. అనవసరంగా పిల్లవాణ్ణి దూరం చేసుకున్నాను." అలాగన్నాడా? పిల్లవాడా! నాకు యాభై నాలుగు, వదినా!

అంటే పోయినేడాది ఆ ఫోన్లు... నాలుగుసార్లు చేశాడు. నేను ఎత్తలేదు. నిజం చెప్పమని మళ్లీ మొదలుపెడతాడు, ఎందుకొచ్చిన గొడవ, అనుకున్నాను. మోగుతుంటే బల్ల మీద బోర్లా పెట్టేశాను. వాడు నాకు క్షమాపణ చెప్పడానికి చేశాడా? నాకా?

నన్ను ఓదార్చకు. చెయ్యి తీసెయ్ వదినా, నీకు దణ్ణం పెడతాను. ముందు ఇది విను.

తేమా లేదు, ఏమీ లేదు. గొడవైన నాలుగో నెలలోనే కింద రెండు ముక్కలూ కొత్తవి చేయించుకున్నాను. ఇక్కడైతే అన్నయ్యకి తెలుస్తుందని లైట్‌హౌస్ అవతలి ఒడ్డుకి పోయేవాణ్ణి. కొత్త ముక్క వెంట్రుకవాసి లావు, నా దాంట్లోకి దూరలేదు. నా పనే అరగదీసే పని కదా! పెన్సిల్‌కి గరుకు కాగితం చుట్టి, షాపులో ఖాళీగా ఉన్నప్పుడల్లా నా ముక్క లోపలంతా రుద్దాను. బాగా కూర్చుంది. అందుకే ఇప్పుడు అన్నయ్య దాని మీద నిలవడం లేదు. వాడేమో ఇక్కడ కూర్చుని మైనం రాస్తున్నాడు. నేనేమో అక్కడ వాడికి చోటే లేకుండా చేసుకున్నాను.

తొమ్మిదేళ్లూ ఒక్కణ్ణే విసిరాను. వెనక ఎవరూ లేరు. ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. పడిన ప్రతిసారీ నోట్లో ఉప్పునీళ్లతో ఒక్కటే అనుకునేవాణ్ణి, సరిపోయింది నాకు, అని.

ఎందుకు సరిపోయిందా? అదే చెప్పబోతున్నాను. వాడు అడిగినప్పుడు చెప్పలేదు, ఇప్పుడు నువ్వు అడక్కుండానే చెబుతున్నాను. ఏం లాభం?

ఆ రోజు వాడివి ఇరవై అయిపోయాయి వదినా. ఇరవై ఒకటి, ఇరవై రెండు. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. అన్నయ్యా, నా వంతు, అన్నాను. "ఉండరా, ఒక్కటి, చేప అక్కడే తిరుగుతోంది" అన్నాడు. ఇరవై అయిదు. ఇరవై ఆరు. చట్టాలు పెట్టేదీ వీడే, తప్పేదీ వీడే, అని ఒళ్లు మండిపోయింది. అప్పుడు వచ్చింది అది. దూరం నుంచే కనబడింది. మిగతావాటికన్నా ఎత్తుగా, నల్లగా. నోరు తెరిచాను కూడా.

తడిస్తే తడవనీ, అనుకున్నాను. ఒక్కసారి మునిగి లేస్తే పొగరు దిగుతుంది, నవ్వుకోవచ్చు, అనుకున్నాను. అంతే వదినా, నీ మీద ఒట్టు, అంతకన్నా ఏమీ అనుకోలేదు. నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆ కాగితం చింపెయ్. ఆ రెండు ముక్కలూ నాకివ్వకు, వాటికి సరిపడేది నా దగ్గర లేదు.

అన్నయ్య చెవులు బాగానే ఉన్నాయి వదినా. నేనే అరవలేదు.