గిన్నె నిండా పొట్టే

చిలకలు పెంచే అక్క దగ్గర నుంచి మూడు రోజుల క్రితం మాట వినకుండా పట్టుకెళ్లిన చిలక పిల్లను తమ్ముడు చెప్పుల పెట్టెలో పెట్టుకొని తిరిగొచ్చాడు. అక్క దాన్ని వంటింటి కాటా మీద ఉంచింది.

"పదిహేను గ్రాములు తగ్గింది. ఏం పెట్టావురా?"

"గింజలే అక్కా. గిన్నెడు పోస్తే సాయంత్రానికి అంతా పొట్టే. నాకంటే శుభ్రంగా తింటోందని మురిసిపోయాను."

"పొట్టు చూసి పొట్ట నిండిందనుకున్నావన్నమాట. ఊది చూశావా?"

"ఊదడమెందుకు?"

"పొట్టు ఎగిరిపోతే అడుగున గింజలు కనపడేవి. దీనికి ఒలవడం వచ్చింది గానీ మింగడం రాలేదు. తండ్రి చిలక నోటికి అందించినన్నాళ్లు ఇక్కడే ఉండనివ్వమన్నానా లేదా?"

"ఎగురుతోంది కదా, పెద్దదైపోయిందనుకున్నా. బతుకుతుందా?"

"తండ్రి మళ్లీ పెడితే బతుకుతుంది. దీన్ని మర్చిపోయుంటే పొడిచినా పొడుస్తుంది. పంజరం తలుపు తియ్యి."

లోపల వదలగానే పిల్ల కర్ర చివర కూర్చొని నోరు తెరిచి రెక్కలు వణికించింది. తండ్రి చిలక దాన్ని ఓరగా చూసి అవతలికి జరిగింది.

"తప్పుకుంటోంది అక్కా."

"మేత గిన్నె దగ్గరికి వెళ్తోంది. కాసేపు నోరు మూసుకొని చూడు."

తండ్రి చిలక గింజలు మింగి, తిరిగొచ్చి, పిల్ల ముక్కులో ముక్కు పెట్టింది.

"అమ్మయ్య. మళ్లీ ఎప్పుడు తీసుకెళ్లను?"

"ఇది ఎంత నోరు తెరిచినా తండ్రి పెట్టని రోజున. నీకు నేనింకా పెడుతూనే ఉన్నాగా, తొందరేముంది? పళ్లెం తెచ్చుకో."