వంతెన ఇవతల

అమెరికాలో ఒక చిన్న కౌంటీ కోర్టు భవనం అడుగున అరెస్టు వారంట్ల గది. కిటికీకి లోపల గుమస్తా వెర్నా, బయట కౌంటీ ఖర్చులు తేల్చే ముగ్గురు కమిషనర్లలో ఒకడైన క్లైడ్. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. బయట మంచు పడుతోంది.

"అయితే పైనుంచి ఇంకా ఎవరూ రాలేదన్నమాట నీ దగ్గరికి?"

"ఎవరొస్తారు? ఈ గదిలోకి కాగితాలొస్తాయి గానీ మనుషులు రారు. సాయంత్రం మీటింగులో కంప్యూటర్ మరమ్మతు ఒప్పందానికి చెయ్యెత్తుతావా లేదా, ముందు అది చెప్పు క్లైడ్."

"వెర్నా, కాస్త నన్ను..."

"ఆగు. మరమ్మతు ఒప్పందం మీరు ఆపేసినప్పటి నుంచీ ఈ వారంట్ల కంప్యూటర్‌కి మింగడం తప్ప కక్కడం రాదు. కొత్త పేరు ఎక్కిస్తే ఎక్కుతుంది. పైన జడ్జి వారంట్ కొట్టేసినా ఇక్కడ పేరు చెరగదు. కంపెనీకి ఫోన్ చేస్తే, మీకు ఒప్పందం లేదుగా అని పెట్టేస్తారు."

"అందుకేగా నువ్వున్నావు. పోలీసు డిప్యూటీలు అడిగితే కాగితం చూసి చెప్పడానికి."

"మనవాళ్లు అడుగుతారు, చెప్తాను. వంతెన దాటితే పక్క కౌంటీ. వాళ్లు అడిగేసరికి ఈ గదికి తాళం పడి ఉంటుంది. మన ఊరి ఓరిన్ సంగతేమైంది? జడ్జి కొట్టేసిన కాగితం జేబులో పెట్టుకునే వెళ్లాడు. కాగితం ఎవరైనా అచ్చేసుకోవచ్చు, కంప్యూటర్‌లో నీ పేరుంది అని శుక్రవారం రాత్రి లోపలేశారు. సోమవారం బయటికొచ్చేసరికి ఉద్యోగం ఊడింది."

"అన్యాయమే, కాదనను. కానీ ఆ డబ్బుతో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లకపోతే బడి బస్సులు పల్లంలో పడతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నేను."

"పాము నోట్లో ఉన్నది నువ్వు కాదు."

"సరేలే. మీ అమ్మాయి టెస్‌కి పాప పుట్టిందటగా? చూశావా నీ మనవరాల్ని?"

"ఫోటో పంపింది."

"ఫోటో సంగతి కాదు. ఎత్తుకున్నావా?"

"రోడ్లు బాలేవు."

"వంతెనదాకా నిన్ననే మంచు తీయించాను."

"టైర్లు అరిగాయి."

"నా బండిలో రా. వంతెన దాటగానే కదా టెస్ ఇల్లు."

"వద్దు."

"అల్లుడంటే నీకు గిట్టదనీ, అందుకే రావట్లేదనీ టెస్ మా ఆవిడ దగ్గర ఏడ్చిందట."

"గిట్టకపోవడమేంటి? బంగారంలాంటి పిల్లాడు."

"మరి?"

"వంతెన అవతల ఈ మధ్య పోలీసులు బండి ఆపి పక్క సీట్లోవాళ్ల గుర్తింపు కార్డు కూడా అడుగుతున్నారు."

"అడిగితే చూపించు. నీకేం భయం?"

"మా కుక్కకి లైసెన్సు లేదని జరిమానా పడింది గుర్తుందా? కోర్టు వాయిదాకి వెళ్లడం మర్చిపోయాను. వారంట్ వచ్చింది. మర్నాడే వెళ్లి కట్టేశాను. జడ్జి నవ్వి కొట్టేశాడు."

"కొట్టేశాడుగా!"

"అప్పటికే ఎక్కేసింది."

"ఎవడెక్కించాడు? నువ్వెవరో తెలిసుండి కూడా..."

"నేనే. ఈ గదిలో ఇంకెవరున్నారు? వచ్చినరోజే ఎక్కించాలి, అది రూలు. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఎక్కిస్తూ నా పేరొక్కటీ బల్ల కింద దాచనా?"

"దేవుడా."

"ఇక్కడ నేనెవరో అందరికీ తెలుసు. అక్కడ నేనొట్టి పేరుని. పాపని చూడ్డానికి బయల్దేరి బేడీలతో దిగనా? నాకు భయంగా ఉంది క్లైడ్."

"ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా కోసం చెయ్యెత్తుతావు. ఓరిన్ లాంటివాళ్ల కోసం ఎత్తుతావేమోనని చూశాను. ఇంక ఓపిక లేదు. నా కోసమే ఎత్తు. సాయంత్రం ఒక్కసారి ఎత్తు, చాలు."

"తుఫాను వస్తోందని పైన మీటింగు పొద్దున్నే పెట్టి ముగించేశారు, వెర్నా. అది చెప్దామనే కిందికి దిగొచ్చాను. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. నా చెయ్యి లేవలేదు."